వెలుతురు దూరని గింజ

బల్ల మీద గాజు పలక. పలక కింద దీపం. గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పేశారు.

సురీందర్ వసల్ గుప్పెడు మొక్కజొన్న గింజలు గాజు మీద పోసి అరచేత్తో పరిచారు. మామూలు గింజయితే కింది వెలుతురు దాని ఒంట్లోంచి దూరి పైకొస్తుంది. లేత బెల్లం రంగులో వెలుగుతుంది. ఇవి వెలగలేదు. గాజు నిండా నల్లటి మచ్చలు. ఒకటి తీసి పక్కన పడేశారు. ఇంకొకటి. ఇంకొకటి. అంతలో వేలు ఆగింది. ఒక గింజ నెత్తిన, గోటి చివరంత మేర, సన్నటి వెలుగు.

దాన్ని విడిగా తీసి పెట్టారు.

1970ల తొలి ఏళ్లు. మెక్సికో నగరానికి 45 కిలోమీటర్ల దూరంలో ఎల్ బతాన్. అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధనా కేంద్రం అక్కడుంది. అందరూ పిలిచే పేరు సిమిట్. సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైన పీఠభూమి అది. వానాకాలంలో పొద్దున ఎండ చురుక్కుమంటుంది, మధ్యాహ్నం దాటగానే మబ్బు కమ్ముతుంది. అమృత్‌సర్‌లో పుట్టి ఢిల్లీలో చదువుకున్న వసల్ 1970లో ఇక్కడికొచ్చారు. ఆయన ముందున్న ప్రశ్న ఒక్కటే. రైతుకు కావాల్సింది వెలుగున్న గింజ. పసిపిల్లకు కావాల్సింది చీకటి గింజలో ఉంది. ఈ రెండూ ఒకే గింజలో ఇమిడేనా?

కన్ను చెప్పలేదు. గింజను పిండి చేసి లేబొరేటరీకి పంపాలి. అక్కడ ఇవాంజెలీనా వియేగాస్ ఉన్నారు. మెక్సికోలోనే పుట్టిన రసాయన శాస్త్రవేత్త. ఆమె టెస్ట్‌ట్యూబులో ఊదారంగు తేలితే ఆ వంశం బతుకుతుంది. తేలకపోతే ఇన్ని నెలల పొలం పని మట్టిపాలు.

ఈ చిక్కుముడి పడింది మెక్సికోలో కాదు.

1963. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, పర్డ్యూ విశ్వవిద్యాలయం. అమైనో ఆమ్లాలను కొలిచే యంత్రం ముందు కాగితపు చుట్ట మెల్లగా విప్పుకుంటోంది. దాని మీద పెన్ను కొండలు గీస్తోంది. ఒక్కో కొండ ఒక్కో అమైనో ఆమ్లం. కొండ ఎత్తే దాని పరిమాణం. ఎడ్విన్ మెర్ట్జ్ జీవరసాయన శాస్త్రవేత్త. ఆలివర్ నెల్సన్ మొక్కజొన్న జన్యువుల్ని చదివిన మనిషి. వాళ్లతో పాటు యువకుడు లిన్ బేట్స్. నెల్సన్ ఇచ్చిన గింజల్లో ఒకటి వింత రకం. చాలా ఏళ్లుగా శాస్త్రవేత్తల విత్తన డబ్బాల్లో పడి ఉంది. వెలుతురుకు అడ్డుపెడితే సుద్దలా కనబడుతుందని దానికి ఒపేక్-2 అని పేరు పెట్టి వదిలేశారు. ఎవరికీ అక్కరలేని గింజ.

పెన్ను లైసిన్ దగ్గరికి వచ్చింది. ఎక్కింది. ఇంకా ఎక్కింది. ఆగాల్సిన చోట ఆగలేదు.

మామూలు మొక్కజొన్న ప్రోటీన్‌లో లైసిన్ రెండు శాతం చుట్టూ ఉంటుంది. ఈ సుద్ద గింజలో దానికన్నా దాదాపు 70 శాతం ఎక్కువ కనబడింది. ట్రిప్టోఫాన్ కూడా పెరిగింది. ఒక్క జన్యువు మార్పుతో! 1964లో సైన్స్ పత్రికలో ఆ ఫలితం అచ్చయింది. అది చదివిన వాళ్లకు నిద్ర పట్టలేదంటే ఆశ్చర్యం లేదు. ఎందుకో తెలియాలంటే ఇంకో యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

మొక్కజొన్నలో ప్రోటీన్ తక్కువేమీ కాదు. తొమ్మిది, పది శాతం ఉంటుంది. అందులో సగం పైచిలుకు జెయిన్ అనే ఒకే జాతి. దీన్లో లైసిన్, ట్రిప్టోఫాన్ లేవనే చెప్పాలి. 1914లో థామస్ ఆస్బోర్న్, లాఫయెట్ మెండెల్ ఎలుకలకు ప్రోటీన్‌గా జెయిన్ ఒక్కటే పెట్టి చూశారు. ఎలుకలు తిన్నాయి, చిక్కిపోయాయి. ఆ రెండు అమైనో ఆమ్లాలు కలపగానే మళ్లీ పెరిగాయి. కడుపు నిండా తిన్నా ఒంటికి పట్టకపోవడం అంటే ఏమిటో ఆ పంజరాల్లో తేలింది. ట్రిప్టోఫాన్ నుంచే మన ఒళ్లు నియాసిన్ విటమిన్‌ను కొంత తయారుచేసుకుంటుంది. అది చాలకపోతే పెలాగ్రా వస్తుంది. ఎండ సోకిన చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, చివరికి మతి తప్పుతుంది. మొక్కజొన్న మీదే బతికిన ఊళ్లను ఈ జబ్బు వెంటాడింది. మన దక్కన్‌లో జొన్న ముఖ్య ఆహారమైన పేదల్లో కూడా ఇదే జబ్బు కనబడింది. హైదరాబాద్‌లో నేటి జాతీయ పోషకాహార సంస్థకు అప్పటి పేరు న్యూట్రిషన్ రీసెర్చ్ లాబొరేటరీస్. అక్కడి డాక్టర్ సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా 1960లో లూసిన్ అనే మరో అమైనో ఆమ్లం మితిమీరడమే కారణమని వాదించారు. మెక్సికో ఇల్లాలు మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి రొట్టె చేస్తుంది. దాంతో గింజలోని నియాసిన్ ఒంటికి అందుతుంది. లైసిన్ మాత్రం సున్నంతో పుట్టదు.

అది గింజలోనే పుట్టాలి. పర్డ్యూలో పుట్టినట్టే కనబడింది.

ఎలుకలకు పెట్టారు. పాలు మాన్పించిన ఎలుక పిల్లలు. 28 రోజులు. ఒపేక్-2 తిన్నవి మామూలు మొక్కజొన్న తిన్నవాటికన్నా మూడు రెట్లకు పైగా బరువు పెరిగాయి. గ్వాటెమాలాలో రికార్డో బ్రెస్సాని బృందం ఈ ప్రోటీన్ విలువను పాల ప్రోటీన్ విలువతో పోల్చి చూసింది. 90 శాతం దాకా వచ్చింది. కొలంబియాలోని కాలి నగరంలో ఆస్పత్రి మంచాల మీద ప్రోటీన్ చాలక క్వాషియోర్కర్ జబ్బు పట్టిన పిల్లలు. ఉబ్బిన కాళ్లు, రంగు పోయిన జుట్టు, దేనికీ నవ్వని ముఖాలు. వాళ్లకు ఈ మొక్కజొన్నే ప్రోటీన్‌గా పెట్టారు. ఉబ్బు తీసింది. పిల్లలు లేచి కూర్చున్నారు.

విత్తనం దేశాలకు దేశాలు దాటింది. బ్రెజిల్, కొలంబియా, ఆఫ్రికా. మన దేశంలో 1970ల మొదట్లోనే శక్తి, రతన్, ప్రోటీనా అనే పేర్లతో మూడు రకాలు విడుదల చేశారు. పేర్లలోనే ఎంత ఆశ పెట్టుకున్నారో తెలుస్తుంది.

అప్పుడు కోతలొచ్చాయి.

రైతు కండె ఒలిచాడు. గింజ చేతికి తేలిగ్గా తగిలింది. మొక్కజొన్న గింజకుండాల్సిన మెరుపు లేదు. గోటితో నొక్కితే పొడి రాలింది. కాటా మీద పెడితే ముల్లు రావాల్సినంత రాలేదు. పది, పదిహేను శాతం తక్కువ. కోత నాటికి గింజలో తేమ ఎక్కువగా మిగిలింది. కళ్లంలో ఆరబెడితే ఓ పట్టాన ఆరలేదు. ఆరనిచోట బూజు పట్టింది, కండె కుళ్లింది. మిగిలినదాన్ని ఇంట్లో పోస్తే ముక్కుపురుగుకు పండగ. కొన్ని నెలలకు మూత తీస్తే పిండి, పురుగు, తొలిచిన తొక్కలు. పిల్లలకు బలం అని చెప్పిన గింజ పిల్లల దాకా రాకుండానే పోయింది. మరుసటి ఏడు ఆ రైతు పాత విత్తనమే చల్లాడు.

తప్పు రైతుది కాదు. అప్పు తీర్చాల్సినవాడు తూకం చూస్తాడు, గాదె నింపాల్సినవాడు నిల్వ చూస్తాడు. ఈ మాట ముందే అడిగి ఉండాల్సింది శాస్త్రం.

ఇన్ని రోగాలు ఒకే గింజకు ఎందుకు పట్టాయి? జవాబు గింజ లోపలే ఉంది. గింజ గట్టితనం పిండిరేణువుల మధ్య ఇరుక్కున్న జెయిన్ ముద్దల వల్ల వస్తుంది. ఇటుకల మధ్య సున్నంలా అవి రేణువుల్ని బిగించి ఉంచుతాయి. ఒపేక్-2 జన్యువు మారితే జెయిన్ తయారీ పడిపోతుంది. ఆ ఖాళీని లైసిన్ ఉన్న ఇతర ప్రోటీన్లు పూరిస్తాయి. అందుకే పోషణ పెరుగుతుంది. కానీ బిగింపు పోతుంది. రేణువుల మధ్య గాలి చేరుతుంది. గాలి చేరిన చోట వెలుతురు చెదిరిపోతుంది, గింజ సుద్దలా కనబడుతుంది. బరువు తగ్గేదీ, పురుగు పళ్లు దిగేదీ, బూజు దూరేదీ అక్కడే. బిడ్డకు మేలు చేసే గుణం, రైతుకు నష్టం తెచ్చే గుణం ఒకే తల్లి కడుపున పుట్టాయి.

మొక్కజొన్నలో ఇలాంటి పేచీ ఇదొక్కటే కాదు. 1896లో ఇలినాయ్‌లో సిరిల్ హాప్కిన్స్ 163 కండెలతో ఒక ఎంపిక మొదలుపెట్టారు. ప్రోటీన్ ఎక్కువున్న కండెల్ని ఏటేటా ఏరి నాటారు. ఆయన తరవాత వచ్చినవాళ్లు వందేళ్లకు పైగా దాన్ని కొనసాగించారు. ప్రోటీన్ పది, పదకొండు శాతం నుంచి రెట్టింపు దాటింది. గింజ మాత్రం చిన్నబోయింది, దిగుబడి జారింది. దిగుబడి అంటే ముఖ్యంగా పిండిపదార్థం. కండె నిండా పిండి చేరేకొద్దీ ప్రోటీన్ వాటా పలచబడుతుంది. పోనీ యూరియా దండిగా వేస్తే? ప్రోటీన్ పెరుగుతుంది నిజమే. పెరిగేదాంట్లో ఎక్కువ భాగం మళ్లీ ఆ జెయినే. సంచి ఖర్చయింది, లైసిన్ వాటా ఇంకా తగ్గింది. ప్రోటీన్ ఎంత అన్న అంకె చూసి మురిసిపోయేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

1970లు సగం గడిచేసరికి చాలా దేశాల్లో ఒపేక్-2 కార్యక్రమాలు మూతపడ్డాయి. పరిశోధకులు వేరే పనుల్లోకి వెళ్లారు.

ఎల్ బతాన్‌లో మాత్రం గాజు పలక కింద దీపం వెలుగుతూనే ఉంది.

ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం నిధులిచ్చింది. వసల్ నమ్మకమంతా ఆ గోటి చివరంత వెలుగు మీదే. ఒపేక్-2 కండెల్లో ఎక్కడో ఒకటీ అరా గింజలు కొంత గట్టిగా ఉంటాయని 1960ల చివర్లోనే గమనించారు. అంటే ఆ మెత్తదనాన్ని సరిచేసే చిన్న చిన్న జన్యువులు వేరే ఎక్కడో ఉన్నాయన్నమాట. ఒకటి కాదు, చాలా. ఒక్కోటి చేసే పని ఇసుమంత. వాటిని ఒక్కచోట పోగెయ్యాలి. పోగేసే తొందరలో లైసిన్ జారిపోకూడదు.

పని మొదలైంది. పొలంలో మగపూతకు కాగితపు సంచి తొడగాలి, పీచు బయటికి రాకముందే కండెను కప్పాలి, పుప్పొడి రాలే పొద్దుటి వేళకు వరసల్లోకి దూరి ఆకుల అంచులు మోచేతుల్ని కోస్తుంటే సంచి దులిపి సరైన పీచు మీద సరైన పుప్పొడి వెయ్యాలి, సంచి మీద అంకె రాయాలి, కండె పండే దాకా కాపు కాయాలి, ఒలిచి గాజు మీద పోసి పావు వెలుగు ఒక గుట్ట, సగం వెలుగు ఒక గుట్ట, ముప్పావు ఒక గుట్టగా విడదీయాలి, అందులోంచి కొన్ని గింజలు లేబొరేటరీకి పంపి మిగతావి దాచి, అక్కడి నుంచి అంకె వచ్చే దాకా వేచి ఉండాలి.

అంకె వచ్చేది. చాలాసార్లు చేదు అంకె.

గింజ బ్రహ్మాండంగా వెలిగింది. గట్టిగా ఉంది. లోపల లైసిన్ లేదు. అందాన్ని చూసి ఎంపిక చేస్తూ పోతే పోషణ మెల్లగా పాత మొక్కజొన్న వైపు జారిపోతుంది. ఒంటరిగా ఏ బ్రీడర్ చేసినా ఇదే గోతిలో పడతాడు. ఈ పనికి పొలం ఒక్కటే చాలదు.

వియేగాస్ లేబొరేటరీలో పిండిలోని కొవ్వు తీసేస్తారు. బొప్పాయి పాలలో దొరికే పపైన్ ఎంజైమ్ పోసి వెచ్చటి పెట్టెలో రాత్రంతా ఉంచుతారు. ప్రోటీన్ ముక్కలైపోతుంది. ఆపైన ఎసిటిక్ ఆమ్లం, సల్ఫ్యూరిక్ ఆమ్లం, కొద్దిగా ఇనుప లవణం. ముక్కుపుటాలు అదిరే పులుపు ఘాటు. ట్యూబును వేడి చేస్తే ఊదారంగు తేలుతుంది. ఎంత చిక్కన ఉంటే అంత ట్రిప్టోఫాన్. లైసిన్‌ను నేరుగా కొలవడం ఖరీదు, ఆలస్యం. మొక్కజొన్న ప్రోటీన్‌లో లైసిన్ దాదాపు ట్రిప్టోఫాన్‌కు నాలుగింతలు ఉంటుంది, అది ఎక్కితే ఇదీ ఎక్కుతుంది. కాబట్టి ఒకటి చూస్తే రెండోది తెలుస్తుంది. ఈ తేలిక పద్ధతిని మొక్కజొన్నకు సరిపోయేలా మలిచినవాళ్లలో లిన్ బేట్స్ ఒకడు. పర్డ్యూలో కాగితపు చుట్ట ముందున్న ఆ యువకుడే.

పని ఉధృతంగా సాగిన రోజుల్లో ఏడాదికి 25,000 నమూనాలు ఆ బల్లల మీదుగా వెళ్లాయి. ప్రతిదానికీ జవాబు తరవాతి నాట్ల వేళకే కావాలి. ఒక వారం ఆలస్యమైతే ఒక పంట కాలం పోయినట్టే. ట్యూబులు కడిగిన చేతులు, పిండి ఆడించిన చేతులు, సంచులు తొడిగిన చేతులు ఎన్నో. వాళ్లెవరి పేర్లూ ఏ బహుమతి పత్రంలోనూ లేవు. వాళ్ల పని లేకుండా ఈ కథే లేదు.

పీఠభూమి మీద బాగున్న గింజ పోసా రికాలో ఎలా ఉంటుంది? వెరాక్రూజ్ రాష్ట్రంలోని ఆ మైదానంలో ఉక్కపోత, తడి గాలి. బూజుకు అనువైన చోటు. ఒక వాతావరణంలో గట్టిపడ్డ గింజ ఇంకోచోట మళ్లీ సుద్దగా మారేది. అలా మారినవన్నీ తీసెయ్యాలి. ఎండకూ, ఉక్కకూ, చలికీ నిలబడ్డవే ముందుకెళ్లాలి. కండె కుళ్లు పట్టిందా? తీసెయ్యి. దిగుబడి తగ్గిందా? తీసెయ్యి. ఊదారంగు పలచబడిందా? ఎంత అందంగా ఉన్నా సరే, తీసెయ్యి. గింజ ఈ వడపోతలన్నిటిలో నెగ్గాలి. ఒక్కదాంట్లో ఓడినా ఇంటికే.

ఏళ్లు గడిచాయి. గాజు మీద చీకటి కొంచెం కొంచెంగా తగ్గింది. 1980ల తొలినాళ్లకు వసల్, వియేగాస్ చేతుల్లో గట్టి గింజల మొక్కజొన్న ఉంది. మామూలు రకాలతో సమానంగా పండుతోంది. కళ్లంలో ఆరుతోంది. లోపల లైసిన్, ట్రిప్టోఫాన్ మామూలు మొక్కజొన్నకు దాదాపు రెట్టింపు. దానికి క్వాలిటీ ప్రోటీన్ మెయిజ్ అని పేరు పెట్టారు. పొట్టిగా క్యూపీఎం.

రహస్యం ఆ తరవాత బయటపడింది. మళ్లీ గట్టిపడ్డ గింజలో గామా జెయిన్ అనే రకం బాగా పెరిగింది. దీన్లోనూ లైసిన్ లేదు, కానీ కొద్ది మొత్తంతోనే రేణువుల్ని కట్టిపడెయ్యగలదు. మిగతా జెయిన్ తగ్గే ఉంది, లైసిన్ ఉన్న ప్రోటీన్లు పదిలంగా ఉన్నాయి. ఇద్దరూ ఇన్నేళ్లు కంటితోనూ రంగుతోనూ వెతికింది దీన్నే.

కానీ తలుపు తట్టేవాళ్లు లేరు. ఒకసారి చెయ్యి కాల్చుకున్న దేశాలు సుద్ద గింజను మర్చిపోలేదు. పోషకాహార నిపుణుల చూపు ప్రోటీన్ మీంచి వేరే వాటి మీదికి మళ్లింది. 1990ల మొదట్లో సిమిట్‌లోనే ఈ కార్యక్రమానికి నిధులు ఆగిపోయాయి. విజయం చేతిలో ఉండగా పని ఆగింది. పిల్లల పళ్లెం మాట గెలిచిన రోజున కూడా లెక్కల పుస్తకం గెలిచిందంటే కడుపు మండుతుంది.

దాన్ని నిలబెట్టినవాళ్లు ఘనా రైతులు. 1992లో అక్కడ ఒబటాన్పా అనే క్యూపీఎం రకం విడుదలైంది. దిగుబడి బాగుంది. అందుకే రైతు నాటాడు. లైసిన్ వెనకాలే ఇంట్లోకి వచ్చింది. ఆఫ్రికాలో ఇంకా కొన్ని దేశాలు అదే విత్తనం అడిగాయి. 2000లో వసల్‌కు, వియేగాస్‌కు కలిపి ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆమే.

మన దగ్గరా కథ మళ్లీ మొదలైంది. హరియాణా వ్యవసాయ విశ్వవిద్యాలయం 2005లో హెచ్‌క్యూపీఎం-1 హైబ్రిడ్ ఇచ్చింది. అల్మోరాలోని వివేకానంద పర్వతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థ అప్పటికే రైతులకు నచ్చిన ఒక హైబ్రిడ్‌ను తీసుకుని అందులోకి ఒపేక్-2 ఎక్కించింది. ఈసారి మొలక దశలోనే ఆకు ముక్క తుంచి డీఎన్ఏ గుర్తు చూశారు. జన్యువు లేని మొక్కను అక్కడికక్కడే పీకేశారు. 2008లో వివేక్ క్యూపీఎం-9 బయటికొచ్చింది. 2017లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ అదే హైబ్రిడ్‌లోకి విటమిన్-ఎ తయారీకి పనికొచ్చే గుణాన్ని కూడా చేర్చింది.

ఇక పొలం దగ్గర రెండు పేచీలు మిగిలాయి. ఒకటి గాలి. ఒపేక్-2 బలహీన జన్యువు. పక్క చేలోని మామూలు పుప్పొడి ఎగిరొచ్చి పీచు మీద పడితే ఆ గింజ ఆ పంటలోనే మామూలు గింజ అయిపోతుంది. కాబట్టి చేను విడిగా ఉండాలి, లేదా పూత కాలం తప్పించి నాటాలి. విత్తనం నమ్మకమైన చోటు నుంచే తెచ్చుకోవాలి.

రెండోది బేరం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో మొక్కజొన్న ఎక్కువగా కోళ్ల దాణాకే పోతుంది. యార్డులో తేమ చూస్తారు, బూజు చూస్తారు, కాటా వేస్తారు. ఇన్నేళ్ల శ్రమతో క్యూపీఎం గింజ చూపులకు మామూలు గింజలా తయారైంది, అదే ఇప్పుడు దానికి అడ్డం. పైకి తేడా తెలియదు, లోపల ఏముందని అడిగేవాడు లేడు, అదనంగా పైసా రాలదు. ఆ మొక్కజొన్న దాణా మిల్లుకు చేరాక అక్కడ పిండిలో లైసిన్ చాలదని తెలుసు. సంచుల్లో కొన్న లైసిన్ పొడి లెక్క కట్టి కలుపుతారు. కోడికి ఎంత లైసిన్ కావాలో గ్రాముల్లో రాసి పెట్టుకున్న కాగితం ఆ మిల్లు గోడ మీద ఉంటుంది. అంగన్‌వాడీ పిల్ల పళ్లెంలోకి వచ్చే మొక్కజొన్న పిండి కొనేటప్పుడు కూడా అలాంటి కాగితం ఒకటి ముందు పెట్టుకుంటే, క్యూపీఎం గింజకు ధర పలుకుతుంది. ధర పలికితే నాటడానికి రైతు సిద్ధంగానే ఉన్నాడు.